మా అత్త బస్సెక్కిన రోజు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు రోజూ బస్సులో పోయి పాఠాలు చెప్పి వస్తాను. మా అత్తకు నా ఉద్యోగం మీద గౌరవమే గానీ, నా బస్సు మీద లేదు. వాళ్ళింటి ఆడవాళ్ళు బస్సెక్కరు. కారు తోలేది మగవాళ్ళు కాబట్టి, వాళ్ళకు తీరిక దొరికినప్పుడే ఆడవాళ్ళకు ప్రయాణం.

ఆమె అక్క ఆళ్లగడ్డలో ఉంటుంది. మొన్నటి వానల్లో జారిపడి, తుంటి విరిగి మంచాన పడింది. చూసి రావాలని అత్త కొడుకుని అడిగింది. "ఆదివారం పోదాంలేమ్మా" అన్నాడు మా ఆయన. ఆదివారాలు వస్తూనే ఉన్నాయి. ఒకసారి శనగచేలో మందు కొట్టించాలి, ఇంకోసారి శ్రీశైలం పోయే చుట్టాలకు కారు కావాలి. అక్క అన్నం కూడా ముట్టడం లేదని ఫోనొచ్చిన మరునాడు, నేను క్యారియర్ సర్దుకొని వచ్చేసరికి అత్త గడప దగ్గర నిలబడి ఉంది. ఇస్త్రీ చీర, చేతిలో సంచి, సంచిలో ఆధార్ కార్డు.

"నీతోనే వస్తాండా. వానికి చెప్పొద్దు."

కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కండక్టరు ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్టు చేతిలో పెడితే, ఎగిరిపోతుందేమోనని పిడికిట్లో దాచుకుంది. అంత పెద్ద మనిషి చిన్నపిల్లలా బయటికి చూస్తుంటే నాకు ముచ్చటేసింది.

శిరివెళ్లలో పత్తి తీసే కూలీలు ఎక్కారు. వాళ్ళలో ఒకామె అత్తను చూసి ఆగిపోయింది. మా చేలల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. ముగ్గురు కూర్చునే సీటులో మేమిద్దరమే ఉన్నాం. నేను జరిగి చోటు చూపించాను. "వద్దులే మేడం" అని ఆమె మా కాళ్ళ దగ్గర నేల మీదే కూర్చుంది. మా ఇంటి వసారాలో ఎప్పుడూ అట్లాగే కూర్చునేది.

"ఏందవ్వా, సీటుండాది గదా! దావలో కూచుంటే అందరూ తొక్కుతారు" అని కండక్టరు అరిచాడు.

ఆమె లేవకుండా అత్త ముఖం వైపు చూసింది. అత్త కిటికీలోంచి చూపు తిప్పలేదు. నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయేంతలో అత్త ఫోను మోగింది. మా ఆయనే. బస్టాండులో ఎవరో చూసి చెప్పినట్టున్నారు. స్పీకరు నొక్కితే తప్ప అత్తకు వినపడదు, అందుకని బస్సంతా విన్నది.

"బస్సులో పోతాండావంట గదా! చూసినోళ్ళు ఏమనుకుంటారు? నేనెప్పుడన్నా పోవద్దన్నానా?"

అత్త ఫోను పెట్టేసి, ఆ చిరాకంతా కిందామె మీద చూపించింది.

"ఏం మే, కింద కూచోమని నేనెప్పుడన్నా చెప్పినానా నీకు?"

ఆమె కోపం తెచ్చుకోలేదు. ఉన్న మాటే చెప్పింది.

"ఎప్పుడూ చెప్పల్యామ్మా. పైన కూచోమని గూడా చెప్పల్యా."

అత్త నన్ను చివరికి జరగమని, తానే వంగి ఆమె చెయ్యి పట్టి లేపింది. ఆమె మా మధ్య సీటు అంచున కూర్చుంది, లేవమంటే లేవడానికి సిద్ధంగా. "సరిగ్గా కూచో, పడతావ్" అంది అత్త. ఆళ్లగడ్డలో అత్తను వాళ్ళక్క ఇంటి వీధి మొదట్లో వదిలి, నేను బడికి పోయాను. ఒక్క సీటుతో అంతా మారిపోయిందనేంత అమాయకురాలిని కాను. అయినా ఆ రోజు బడిలో నేను హాయిగా ఉన్నాను.

సాయంత్రం పెద్దత్త ఇంటికి పోతే, అక్కాచెల్లెళ్ళు ఒకే మంచం మీద కూర్చుని ఉన్నారు. అత్త పెరుగన్నం కలిపి తినిపిస్తోంది.

"ఎవరు పిల్చుకొచ్చినారంటే చెప్పదే మీ అత్త" అంది పెద్దత్త.

"నేనే వచ్చినా అని చెప్తాండా గదా, నమ్మవు" అంది అత్త.

అప్పుడే మా ఆయన కారు తీసుకొని వచ్చాడు. పరామర్శ అయ్యాక, వాకిట్లో కారు తలుపు తెరిచి పట్టుకొని మళ్ళీ అదే మాట అన్నాడు. "నేను పోవద్దన్నానామ్మా ఎప్పుడన్నా?"

"అనలేదు నాయనా" అంది అత్త నెమ్మదిగా. "పొమ్మని గూడా ఎప్పుడూ అనల్యా."

సంచి భుజానికి తగిలించుకొని, నాకంటే ముందు బస్టాండు వైపు నడిచింది.