సోమన్న సముద్రపు వేట

డుంబ్రిగుడకు ఎగువన, కొండవాలు మీది ఊళ్లో సోమన్న ఉండేవాడు. జీలుగుచెట్టెక్కి కల్లు దించడంలో ఎవరికీ తీసిపోడు. మాట మెత్తన, మనసు ఇంకా మెత్తన. ఉన్నది ఒక్కటే లోపం. విల్లు ఎక్కుపెడితే తుమ్ము వచ్చేది. అలాంటిలాంటి తుమ్ము కాదు. లోయ అవతలి దుప్పి కూడా తలెత్తి చూసి, తీరిగ్గా నడుచుకుంటూ పోయేంత తుమ్ము.

ఏడాది పొడవునా ఈ తుమ్ముతో ఎవరికీ పేచీ లేదు. చైత్రంలో ఇటుకల పండగ వస్తేనే చిక్కు. పండగ రోజుల్లో మగవాళ్లంతా వేటకు పోతారు. ఏదో ఒకటి, కనీసం ఉడతనైనా కొట్టి తెచ్చినవాడికి డప్పు మోగుతుంది. వట్టి చేతులతో వచ్చినవాడి మీద ఊరి ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరిస్తారు. ఆ ఆడవాళ్లకు ముందు నడిచేది సోమన్న పెళ్లాం రాజులమ్మే. మొదటి కుండ ఆవిడదే. పైగా ఆవిడ గురి తప్పదు.

మన్యంలో తెల్లదొరల మీది పితూరీ చల్లారిన రెండేళ్లకు, పండగ దగ్గరపడుతుండగా, సోమన్న సంతలో ఉప్పు వ్యాపారి వరహాలు పక్కన చతికిలబడ్డాడు. వరహాలుది భీమిలి. పెరికెద్దుల మీద ఉప్పు తెచ్చి, పసుపూ చింతపండూ పట్టుకుపోతాడు.

"సావుకారూ, ఊరికే సరదాకి ఓడెక్కనిత్తారా?"

"ఎందుకెక్కనివ్వరు? మా తండేలు సుట్టంలాగే సూసుకుంటాడు. తాడు లాగమంటే లాగాల, తెరసాప సుట్టమంటే సుట్టాల. బువ్వా సేపల పులుసూ ఆడే పెడతాడు. రెండు ఓడలున్నాయి. ఒకటి సిన్నది, బేగెల్లి బేగొచ్చెత్తాది. రెండోది మూడు కొయ్యల పాతోడ. ఉప్పేసుకుని కళింగపట్నం ఎల్తాది. ఎల్లినప్పుడు గాలి ఎనకనుంచి తోత్తాది గానీ వచ్చినప్పుడు ఎదురుగాలి. ఎప్పుడొత్తాదో తండేలుకే..."

"రెండోదే," అన్నాడు సోమన్న.

"ముసిలోడ. నీళ్లు కారతాది కూడానూ."

"కారనీ సావుకారూ. బేగి రాదు కదా?"

ఇంటి దగ్గర రాజులమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "పండగ ముంగట సముద్రమేటి మావా?"

"ఎప్పణ్నుంచో సూడాలనుందే."

"ఎప్పణ్నుంచి?"

"సంత కాణ్నుంచి," అనేసి సోమన్న మూట కట్టుకున్నాడు.

భీమిలి రేవు దాటగానే, ఓడ నడిపే తండేలు సింహాచలం అతన్ని ఎగాదిగా చూసి, "నీకేటొచ్చురా?" అని అడిగాడు.

"సెట్టెక్కుతాను బాబూ."

తండేలు నడిమి తెరచాప కొయ్య చూపించాడు. సోమన్న కాళ్లకు తాడు బంధం వేసుకుని కొసదాకా పాకాడు. కళాసులు నోళ్లు తెరుచుకుని పైకి చూశారు. మూసుకుని ఉంటే బాగుండేది. జీలుగుచెట్టు గాలికి ఊగుతుంది గానీ, మొదలుతో సహా ఊగదు. సోమన్న కడుపులోది కిందికి రావడమూ, కళాసులు తలో దిక్కుకూ పరిగెత్తడమూ ఒక్కసారే జరిగాయి.

"దిగరా!" అని తండేలు అరిచాడు.

"దిగుతాను బాబూ, ముందు ఓడని ఆపండి!"

ఆ తర్వాత అతనికి ఉల్లిపాయలు ఒలిచే పని ఇచ్చారు. కళింగపట్నంలో ఉప్పు దించి, ఓడ ఎదురుగాలిలో అడ్డంగా నడుస్తూ వెనక్కి బయల్దేరింది. ఒక పొద్దున సోమన్న ఉల్లిపాయతో ఏడుస్తూ కూర్చుని ఉండగా, నీళ్లలోంచి రెక్కల చేపల గుంపు ఒకటి గువ్వల్లా లేచింది. అందులో ఒకటి గురి చూసినట్టే వచ్చి, అతని నుదుటిని ఠపీమని కొట్టి, ఒళ్లో పడి గిలగిలలాడి చచ్చిపోయింది.

సోమన్న నెత్తురు తుడుచుకుని దాన్ని తిప్పితిప్పి చూశాడు. రెక్కలున్నాయి. ఎగిరింది. చచ్చింది. తన ఒళ్లో ఉంది. వేటంటే ఇంకేమిటి? పైగా తుమ్ము కూడా రాలేదు!

వంటవాడి కంట పడకుండా దానికి ఉప్పు పట్టించి ఎండబెట్టాడు. ఇక అక్కణ్నుంచి నిలవలేకపోయాడు.

"బాబూ, బేగి పోనియ్యండి. పండగైపోతాది."

"ఎప్పుడొచ్చినా పరవాలేదన్నావంట కదరా?"

"అప్పుడు సేప లేదు కదా బాబూ!"

ఏ తాడు కనిపిస్తే ఆ తాడు లాగాడు. ఎవరూ చూడకుండా తెరచాప మీద తనూ ఇంత ఊదాడు. భీమిలిలో దిగి, వరహాలు ఎద్దుల కోసం ఆగకుండా ఘాటీ ఎక్కేశాడు.

ఊరి పొలిమేరకు చేరేసరికి పండగ ఆఖరి రోజు. వేటకు పోయిన మగవాళ్లంతా ఎప్పుడో తిరిగొచ్చేశారు. ఆడవాళ్లు మిగిలిన పేడనీళ్లు పారబోయడానికి కుండలు పట్టుకుని బయల్దేరారు. సోమన్న దారిలో ఒక చుట్ట కాల్చుకుని వచ్చి ఉంటే ఖాళీ కుండలే కనిపించేవి.

"ఆగండి! వేట తెచ్చాను!" అంటూ చేపను రెక్కలు విప్పి పట్టుకున్నాడు.

ఆడవాళ్లు చుట్టూ మూగారు.

"పిట్టేనే. రెక్కలు సూడు."

"పొలుసు సూడవేటే? సేపే."

చివరికి అందరిలోకీ పెద్దదైన అసిరమ్మ తీర్పు చెప్పింది. "పిట్టో సేపో మనకెందుకే? పాణమున్నదాన్ని కొట్టి తెచ్చాడు. వేటే!"

డప్పు తెమ్మని ఎవరో కేకేశారు. రాజులమ్మ కుండ కింద పెట్టేసింది. ఇన్నేళ్లకు మొగుడి ఒళ్లు పేడ లేకుండా చూడబోతోంది. దగ్గరికొచ్చి నుదుటి మీది గాటును వేలితో మెల్లగా తడిమింది.

"ఇదేటి మావా? ఎవరు కొట్టార్నిన్ను?"

పెళ్లాం అంత మెత్తగా అడిగి చాలా కాలమైంది. సోమన్న కరిగిపోయాడు.

"ఇదేనే," అన్నాడు చేపను చూపిస్తూ. "ఎగిరొచ్చి కొట్టీసింది."

"మరి నువ్వేటి సేసావు?"

"ఉల్లిపాయలొలుత్తన్నాను."

అసిరమ్మ చేపకేసి వేలు చూపింది. "అయితే వేటగాడు అదన్నమాట." వేలు సోమన్న మీదికి తిరిగింది. "వేట నువ్వు."

రాజులమ్మ కుండ ఎత్తింది. ఆవిడ గురి ఆ ఏడూ తప్పలేదు.

చేపకు మాత్రం మర్యాదలో లోటు జరగలేదు. వెదురుగడ కొసన కట్టి, దాని ముందు డప్పు మోగిస్తూ, థింసా ఆడుతూ ఊళ్లోకి తీసుకుపోయారు. వెనకాల సోమన్న పేడ కారుతూ నడిచాడు. అయినా అందరికంటే ఎక్కువగా నవ్వింది అతనే.

సాయంత్రం గెడ్డ నీళ్లలో కూర్చోబెట్టి రాజులమ్మ వీపు రుద్దుతుంటే అడిగాడు.

"మరి వచ్చే ఏడు ఏటి సేద్దామే?"

"వచ్చే ఏడు నువ్వింట్లో ఉండు మావా," అంది రాజులమ్మ. "వేటకి సేపనంపుదాం."