బస్వరాజ్ పటేల్ భయానికి సరిపోయే ఇంజన్

మా జహీరాబాద్‌లో ఆ ఎర్ర కారు కనబడకముందే కేక వినబడేది.

"బర్రె! బర్రె భాయ్, ఎడమ దిక్కు బర్రె! సచ్చిన!"

కేక బజారు దాటాక కారు వచ్చేది. రెండే సీట్లు, పైకప్పు లేదు, పొద్దుగుంకే వేళ మేఘం రంగు. స్టీరింగ్ దగ్గర నిశ్చలంగా హఫీజుద్దీన్ సాబ్. పక్కన రెండు చేతులతో తలుపు పట్టుకుని, గుడ్లు తేలేసి, కారు యజమాని బస్వరాజ్ పటేల్.

పటేల్‌కు భయం. ఫలానా దానికని కాదు. కొందరికి పాట వచ్చినట్టు ఆయనకు భయం వచ్చు. అల్లం చేనులో తాడు కనబడితే పామనుకునేవాడు. పామే కనబడితే దాని తల్లి ఎక్కడుందోనని వెతికేవాడు. సూది భయంతో దవాఖాన ఉన్న వీధి వదిలేసి చుట్టు తిరిగి పోయేవాడు. అలాంటి మనిషి రేసు కారు కొన్నాడు! చిన్ననాటి స్నేహితుడు హఫీజుద్దీన్ సాబ్ అమ్ముకుంటుంటే, బండి పరాయి ఊరికి పోతుందన్న భయంతో కొన్నాడు. నడపడం నేర్చుకోవడానికి మళ్లీ భయం. అందుకే సాబే నడపాలి.

"అంత భయమైతే ఎక్కుడెందుకు పటేలా?" అని ఒకసారి అడిగాను.

"ఇంట్ల కూసుంటె కారు ఏమైందో అని ఇంక భయమైతది మాణిక్."

హైవే పక్కన నాది మెకానిక్ షెడ్డు. డెబ్బై ఎనిమిది చలికాలంలో ఆ కారును ఎద్దులు లాక్కొచ్చాయి. ఇంజన్ బ్లాకు పగిలింది. ఎద్దులు లాగుతున్నా పటేల్ "మెల్లగ! మెల్లగ!" అని అరుస్తూనే ఉన్నాడు.

ఆ విలాయతీ ఇంజన్ ఇక్కడ దొరకదు. వెతికి వెతికి మూడు ఇంజన్లు షెడ్డులో దించాను. పటేల్ దూరం నుంచే పెళ్లిచూపులు మొదలుపెట్టాడు.

"ఇది జీపుది. బలం బాగుంటది. కాని పొడుగెక్కువ, బానెట్ మూత పడదు."

"వద్దు వద్దు. మొఖం చూస్తెనే పులి లెక్కుంది."

"ఇది అంబాసిడర్‌ది, కొత్త పిస్టన్లేసిన. మీ పాత ఇంజన్‌కు వరుసకు తమ్ముడు. బోల్టులు కూసుంటయ్, గేర్‌బాక్సు కలుస్తది. రెక్కలొచ్చినట్టు పోతది."

"రెక్కలా! అరె, రెక్కలెందుకు? జర ముసలిది లేదా?"

"అగో, మూలకున్నది. అదీ అంబాసిడర్‌దే. టాక్సీల అరిగి అరిగి ఊపిరి పోయింది. చిన్న ఎత్తు ఎక్కాలన్నా మీరు దిగి నెట్టాలె."

పటేల్ ముఖంలో వెన్నెల కాసింది. "నెడత! గిదే పెట్టు!"

రేసు కారుకు ఉబ్బసం ఇంజనా? నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆయన మాట పక్కనపెట్టి కొత్త పిస్టన్లదే బిగించి, ట్రయల్‌కు సాబ్‌ను పిలిచాను. పటేల్ ఉరికొచ్చాడు.

"నేను గూడ ఎక్కుత."

"రెండే సీట్లు పటేలా. ఇంజన్ సప్పుడు నేను వినాలె."

"అయితె భాయ్‌ను దించి నువ్వే నడుపు."

"నా బండి సంగతి నాకన్న ఎవరికెరుక?" సాబ్ నవ్వాడు. "నువ్వు ఈడనే నిలబడి భయపడు బస్వరాజ్. మేమిప్పుడే వస్తం."

కారు హైవే ఎక్కింది. కేక లేని ఆ కారులో గాలి కొత్తగా వినిపించింది. ఇరువైపులా చెరుకు పూత తెల్లగా ఊగుతోంది. రోడ్డు మా కింద నుంచి నదిలా పారుతోంది. అంత దూరాన, ఇంటి ఎత్తున చెరుకు బండి. సాబ్ వేగం తగ్గించలేదు. ఆయన ముఖంలో ఏదో పాట వింటున్నంత హాయి. ఇప్పుడు తిప్పుతాడు, ఇప్పుడు తిప్పుతాడు అని చూస్తున్నాను.

"సాబ్, బండి."

"ఎక్కడ?" అన్నాడు, మామూలుగా.

నేను రెండు చేతులతో తలుపు పట్టుకున్నాను.

"ముందల! చెరుకు బండి సాబ్! కుడికి! కుడికి తిప్పు! సచ్చిన!"

కారు పక్కకు ఒరిగింది. చెరుకు ఆకులు నా చెంప గీరి పోయాయి. ఎదురుగా లారీ. "లారీ! ఎడమకు! మెల్లగ సాబ్, మెల్లగ!" షెడ్డు చేరేదాకా నేను నోరు మూయలేదు.

"నీకు గూడ బస్వరాజ్ బీమారి అంటింది," అంటూ సాబ్ దిగి చాయ్ తాగడానికి పోయాడు. దిగేముందు తలుపు పిడి కోసం ఆయన చేయి గాలిలో తడుముకుంది.

పటేల్ నడిరోడ్డు మీద నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పటేలా, సాబ్ కండ్లు..."

"ష్! మోతిబిందు. పొర కమ్మింది. ఆపరేషన్ చేస్తె ఉన్న చూపు గూడ పోతదని భయం. ఆయనకు భయమంటె ఊరు నవ్వుతది. నాకు భయమంటె ఎప్పుడో నవ్వేసింది. అందుకె ఆయన భయం గూడ నేనే పడుతున్న."

"స్టీరింగ్ ఇడిచిపెట్టమని చెప్పరాదు?"

"ఒకసారి చెప్పిన. మంచం పట్టిండు."

నేను మంచి ఇంజన్ విప్పి, ముసలిది బిగించాను. ఇక హైవే ఎక్కబోమని పటేల్ చేత ఒట్టు వేయించుకున్నాను. ఆ తర్వాత పొలం బాటల్లో ఆ కారును సైకిళ్లు దాటిపోయేవి. ఒకసారి బర్రె కూడా దాటింది. "ఇంజన్‌ల దమ్ము లేదు మాణిక్," అని సాబ్ సణిగితే, "ఏం చేద్దం సాబ్, పటేల్‌కు భయం కద," అనేవాణ్ని.

మరుసటి ఏడు షెడ్డు మూసి షోలాపూర్ పోతూ సామాను లారీకి ఎక్కిస్తుంటే, పటేల్ ఆయాసపడుతూ వచ్చాడు.

"ఆ రెక్కల ఇంజన్ అమ్మినవా?"

"లేదు. ఇప్పుడే ఎక్కిస్తున్న."

"దించు, నాకియ్యి. భాయ్ ఆపరేషన్‌కు ఒప్పుకున్నడు."

"ఎట్ల ఒప్పుకున్నడు?"

"ముందు నువ్వు సూది పొడిపించుకో, చూస్త అన్నడు. పొడిపించుకున్న." చొక్కా చేయి పైకి లాగి చూపించాడు. దూది ఇంకా అంటుకునే ఉంది.

"మరి ఈ ఇంజన్ పెడితె భయం కాదా పటేలా?"

ఆయన ఇంజన్ వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎందుకు కాదు? ఇన్నొద్దులు రోడ్డు చూస్కుంట కూసుంటి, సక్కగ భయపడతందుకు టైమే దొరకలె. ఇగ రోడ్డు ఆయన చూస్కుంటడు. నేను నిమ్మళంగ కండ్లు మూస్కొని భయపడత."