తప్పెటగుళ్ళ వీడియో కోసం రాజాం దాకా

ఉదయం ఆరింటికి విశాఖపట్నంలో ప్యాసింజరు ఎక్కాను. మా అత్తవారి ఊరు రాజాం దగ్గర. అక్కడ అమ్మవారి పండగ. మా ఆవిడ గౌరికి ఏడో నెల, డాక్టరు మంచం దిగొద్దన్నారు. పుట్టాక ఆమె ఈ పండగకి వెళ్ళకపోవడం ఇదే మొదలు. వాళ్ళ నాన్న తప్పెటగుళ్ళ బృందానికి పెద్ద. రేకు తప్పెట గుండెకి కట్టుకుని, గజ్జెలతో ఎగిరెగిరి ఆడతారు.

"నాన్న ఆట సూడకపోతే నాకు పండగే లేదు. ఫోనులో తీసి తేకపోతే ఇంటికి రాకు," అంది గౌరి. ఆమెని మా అమ్మకి అప్పగించి బయల్దేరాను. కొత్త ఫోను, ముందర పండగ భోజనం. నా కాళ్ళు నేలమీద నిలవలేదు.

కొత్తవలసలో కూరల గంపతో ఓ మామ్మ ఎక్కింది. వీడియో తీయనా అని అడిగితే, "ఉండు బావూ," అని కొంగు సర్దుకుని బిగుసుకుపోయింది. విజయనగరంలో ఇడ్లీలు వచ్చాకే, "తీసీసినావా?" అంటూ ఊపిరి వదిలింది. నేను పడీపడీ నవ్వాను.

చీపురుపల్లిలో దిగి, బస్సులో రాజాం, అక్కణ్ణించి షేరాటో. పదిన్నరకల్లా అత్తగారింట్లో గారెలు, కోడికూర. వంటింట్లోకి ఫోను తెచ్చానని అత్తయ్య పట్టుచీర కట్టుకొచ్చాకే మళ్ళీ నూనెలో గారె వేసింది.

మధ్యాహ్నం అమ్మవారి ఘటాలు బయల్దేరాయి. గుమ్మం గుమ్మం దగ్గరా ఆడవాళ్ళు పసుపునీళ్ళు పోస్తున్నారు. ముందు మావయ్య బృందం, ఒళ్ళు ఝల్లుమనేలా తప్పెట్లు. ఫోను ఎత్తాను. మావయ్య ఠక్కున ఆగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. పెద్ద ఆగితే బృందం ఆగదా? వెనక ఘటాలూ ఆగిపోయాయి.

"కదలండి మావయ్యా, ఇది వీడియో."

"కదిలితే బొమ్మ పాడైపోతాది బావూ. మీ పెల్లిలో పోటోలోడు నన్నెన్ని తిట్లు తిట్టినాడు."

ఫోను దించితే ఆట, ఎత్తితే విగ్రహాలు. నాలుగు వీధులూ ఇదే తంతు. "అల్లుడుగోరూ, అమ్మోరిని గుడికెల్లనిత్తారా?" అని ఘటం ఎత్తుకున్నావిడ విసుక్కుంది. నవ్వొస్తోంది, గౌరి ముఖం గుర్తొచ్చి దిగులూ వేస్తోంది. ఇంక గుడి వీధి ఒక్కటే మిగిలింది.

"గౌరి కోసం మావయ్యా," అన్నాను బతిమాలుతూ. "మీ ఆట చూడాలని కూర్చుంది."

ఆయన కట్టుకున్న చేతులు విప్పారు. "మా గుంటకా? ముందు సెప్పవేటి. ఇలాగియ్యి."

రికార్డింగు నడుస్తున్న ఫోను లాక్కుని, కెమెరా ముందుకి ఉండేలా తలపాగాలో బిగించి కట్టేశారు. తర్వాత ఎగిరారు చూడండి, గుడిదాకా ఆగలేదు. నేనూ వెనకే గంతులేశాను. కొత్త ఫోను సంగతి ఎవరికి పట్టింది.

ఆ రాత్రి అరుగుమీద పడక. ఊళ్ళో సిగ్నలు లేదు. మర్నాడు తిరుగురైలు కోసం చీపురుపల్లి చేరాకే వీడియో పంపగలిగాను. పండగంటే ఇలా ఉండాలి, ఎవరైనా వెళ్ళాలనుకుంటే తప్పక వెళ్ళండి. వీడియోల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. నా దాంట్లో వేపకొమ్మలూ ఇంటి చూరులూ జనం తలలూ ఎగిరెగిరి పడుతున్నాయి, గజ్జెల మోత, మావయ్య ఆయాసం. మావయ్య మాత్రం లేరు.

విజయనగరం దాటాక గౌరి ఫోను చేసింది. "మీ నాన్న అందులో ఎక్కడా కనపడలేదు, ఏమనుకోకు," అన్నాను.

గౌరి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"ఎలా కనపడతాడు? సిన్నప్పుడు నన్ను బుజాల మీద కూకోబెట్టుకునే ఆడీవాడు. నాకెప్పుడూ ఊరే కనపడీది."