మా వీధి మొదట్లో ఇనప పైపు

సంఘాలంటే నాకు మొదటినుంచీ నీరసమే. ఎవరు ఏ సంఘం పెట్టినా అర్జీలు రాసే పని బడిపంతులు నెత్తినే పడుతుంది. తొంభైల చివర గుంటూరులో మా వీధివాళ్ళంతా మా డాబా మీద చాపలేసుకుని కూర్చున్నప్పుడూ అదే జరిగింది. సంఘానికి పేరు పెట్టడానికి ఒక సాయంత్రం, అధ్యక్షుడెవరో తేల్చడానికి ఇంకో సాయంత్రం పట్టింది. కార్యదర్శిని నేనేనని తేల్చడానికి నిమిషం పట్టలేదు. నా చేతిరాత బాగుంటుందట.

గొడవంతా మిర్చి బండ్లది. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా మిర్చి యార్డుకి వెళ్ళే పెద్దరోడ్డు కిక్కిరిసిపోయేది. మా వీధిలోంచి దూరితే యార్డు దగ్గరని ఏ మహానుభావుడు కనిపెట్టాడోగాని, లారీలూ ట్రాక్టర్లూ బస్తాలు ఎత్తుగా పేర్చుకుని మా సన్‌షేడ్లు రాసుకుంటూ పోవడం మొదలుపెట్టాయి. ఘాటుకి వీధంతా తుమ్ములే. తుమ్ములు మాకు కొత్తేమీ కాదు గనక వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

అసలు బాధ ఎదురింటి సాయిబుగారి భార్యది. ఆయన కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. ఆమెకి షుగరు వల్ల చూపు పోయి అప్పటికి మూడేళ్ళు. అయినా రోజూ మధ్యాహ్నం ఒక్కతే, అడుగులు లెక్కపెట్టుకుంటూ వీధి దాటి మా ఇంటికొచ్చేది. ఇరవై అడుగులు. మా ఆవిడతో కూర్చుని చింతపండులో గింజలు తీసేది, మిరపకాయల తొడిమలు తీసేది. కళ్ళున్న మా ఆవిడకంటే ఆమె పనే శుభ్రంగా ఉండేది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తను వెళ్ళగలిగే చోటు ఇదొక్కటే మిగిలిందని ఒకసారి మా ఆవిడతో అందట. బండ్లు మొదలయ్యాక ఆ రాకా ఆగిపోయింది. సంఘం పెడదామని కాంపౌండరు గారు ఇంటింటికీ తిరిగింది అందుకే.

అర్జీలు రాశాను. ఒక ఆఫీసువాళ్ళు ఇంకో ఆఫీసుకి పొమ్మన్నారు, ఆ ఆఫీసువాళ్ళు మళ్ళీ మొదటిదానికే పొమ్మన్నారు. చెప్పులరిగాయి తప్ప పని కాలేదు. చివరికి మేమే వీధి మొదట్లో రెండు స్తంభాలు పాతి, అడ్డంగా ఇనప పైపు బిగించి, తాళం వేశాం. సైకిళ్ళూ స్కూటర్లూ స్తంభం పక్కనున్న సందులోంచి పోవచ్చు. పెద్దబండి ఎవరిదైనా సరే, పగటిపూట తాళం తీయకూడదని తీర్మానం. రాసింది నేనే, కింద ఎర్రగీత కూడా గీశాను. తాళంచెవి కాంపౌండరు గారి దగ్గర ఉంచాం.

ఆమె మళ్ళీ రావడం మొదలుపెట్టింది. మొదటిరోజు మా గుమ్మంలో ఆయాసపడుతూ నిలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి, సంఘాల వల్ల ఎంతోకొంత ఉపయోగం ఉన్నట్టుందే అనుకున్నాను.

మేమంతా మర్చిపోయిన సంగతొకటుంది. మా వీధిలో ఎవరూ మిరపకాయలు కొని ఎరగరు. ప్రతి ఇంటికీ పల్లెలో ఒక బావో బాబాయో ఉంటాడు. యార్డుకి సరుకు తెస్తూ మనింటి ముందు బండాపి, ఏడాది కారానికి సరిపడా కాయలు దింపి, ఇంత అన్నం తిని పోతాడు. ఆ బండ్లకే మేం తాళం వేసుకున్నాం. రెండో వారంలోనే అధ్యక్షుడు గారు తన మేనల్లుడి ట్రాక్టరు కోసం ఈ ఒక్కసారికి తీయమన్నారు. కాంపౌండరు గారు తీయలేదు. నేను పుస్తకం తెచ్చి అధ్యక్షుడికి ఆయన సంతకం పెట్టిన తీర్మానాన్నే చదివి వినిపించాను. ఆయన నాతో మాటలు మానేశారు. నాకు మాత్రం లోపల మహా గర్వంగా ఉంది.

ఆ తర్వాతి శుక్రవారం కాంపౌండరు గారు నమాజుకి వెళుతూ తాళంచెవి నా చేతికిచ్చారు. ఒంటిపూట బడులు కావడంతో నేను ఇంట్లోనే ఉన్నాను. ఆయన అటు వెళ్ళారో లేదో, సత్తెనపల్లి అవతలి నుంచి మా ఆవిడ అన్నగారు ట్రాక్టరేసుకుని దిగాడు. మబ్బు పట్టి ఉంది. పెద్దరోడ్డు మీద ఒక్క బండీ కదలడం లేదు. చినుకు పడితే కాయకి మచ్చలొచ్చి ఏడాది కష్టం పోతుంది. పైపు దగ్గర నిలబడి వీధంతా వినపడేట్టు అడిగాడు.

"ఏం బావా, మీ వీధిలో మా బండికే దారి లేదా?"

తలుపులు తెరుచుకున్నాయి. అధ్యక్షుడు గారు వరండాలోంచి చూస్తున్నారు. నేను తాళం తీశాను.

ట్రాక్టరు వెనకే రెండు లారీలు దూరాయి. ఆగమని నేను అరుస్తూనే ఉన్నాను. సరిగ్గా అది ఆమె వచ్చే వేళ. తాళం ఉందన్న ధీమాతో వీధి మధ్యకి వచ్చేసింది. చప్పుడు ఎటునుంచో తెలియక అక్కడే నిలబడిపోయింది. బావ బండిని పక్కకి తిప్పి తప్పించాడు. వెనక లారీ ఆమెకి జానెడు దూరంలో ఆగింది. కళ్ళు కనపడట్లేదా అని డ్రైవరు తిట్టాడు. మా ఆవిడ పరుగున వెళ్ళి ఆమెని పొదివి పట్టుకుని లోపలికి తెచ్చింది. బావ గబగబా వాకిట్లో కాయల బస్తా దింపి, అన్నం కూడా తినకుండా యార్డుకి పోయాడు.

ఆమె నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. అప్పుడు అడిగింది.

"తాళం ఎవరు తీశారన్నయ్యా?"

నేనేనని చెప్పాను. నాకు చచ్చేంత సిగ్గేసింది.

సాయంత్రం తాళంచెవి ఇచ్చి తప్పు ఒప్పుకుందామని వెళ్ళాను. కాంపౌండరు గారు తాళంచెవితో సహా నా గుప్పిట మూసేశారు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"మీ దగ్గరే ఉండనివ్వండి మాస్టారూ. మీవాళ్ళు వస్తూంటారు గదా."

ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా తీశాను. కాదనడానికి నాకిక నోరెక్కడిది? వానలు పడేనాటికి పైపు ఒక పక్కకి వాలిపోయింది. సంఘం పుస్తకంలో సగం పేజీలు ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి.

ఆమె రావడం మానలేదు. సాయిబుగారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గుమ్మంలో దింపి, గంట తర్వాత వచ్చి తీసుకెళ్ళేవారు. లోపలికి రమ్మంటే పనుందనేవారు. ఆ ఏడాది బావ దింపిన కాయలకి తొడిమలు తీసింది కూడా ఆమే.