జన లేదని రాసిన చేపలు

మొన్న వంటింట్లోకి వెళ్ళేసరికి మా ఆవిడ నా కొలతచెక్క మీద ఆనపకాయ తరుగుతోంది. మూరన్నర పొడవు టేకుచెక్క, ఒక చివర అడ్డుపలక, పక్కన ఇత్తడి కొలబద్ద. చేప ముక్కుని అడ్డుపలకకి ఆనించి, తోక చీలిన చోట ఎన్ని సెంటీమీటర్లుందో చూసి రాసుకోవాలి. రాజోలు వైపు వశిష్ఠ గోదావరి రేవుల్లో నాలుగేళ్ళు దాన్ని చంకలో పెట్టుకు తిరిగాను. దానిమీద తరగొద్దని గట్టిగా కసిరాను. "ఇన్నేళ్ళూ అటకమీద పడుంటే లేని కోపం ఇప్పుడెందుకొచ్చిందండీ" అంది, చెయ్యి ఆపకుండా. నిజమే, ఆవిడ చేసిన తప్పేం లేదు. నా కోపం ఎప్పుడో చచ్చిపోయిన ఒక మనిషి మీద. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదంటారు. నేను ఉంచుకున్నాను.

డెబ్భైల చివర్లో సంగతి. జువాలజీ డిగ్రీ చేతిలో పెట్టుకుని రెండేళ్ళు ఖాళీగా తిరిగాక, చేపల సర్వే పథకమొకదాంట్లో ఉద్యోగం దొరికింది. వరదనీళ్ళకి సముద్రంలోంచి ఏట్లోకి ఎదురెక్కి వచ్చే పులసలు ఏ నెలలో గుడ్లు పెడతాయో తేల్చాలి. ఆ నెల వలలు ఆపిస్తే చేప నిలుస్తుందని పథకం. మాదేమో తాతల నాటి నుంచి వేదం చెప్పుకున్న ఇల్లు. ఉల్లిపాయ వాసనకే ముక్కు మూసుకునే మా అమ్మ మూడురోజులు ఏడ్చి, నాలుగోనాడు ఒక షరతు మీద ఒప్పుకుంది. "నీచు అంటితే నీళ్ళు పోసుకుంటావు, సరే. కత్తి మాత్రం పట్టకు. చచ్చినదాన్నయినా సరే, కోశావంటే ఈ గడప తొక్కకు" అంది. ఒట్టేశాను. అప్పట్నుంచి నా చొక్కాలకి పెరట్లో వేరే తీగ, నాకు నూతిదగ్గర వేరే చెంబు. ఒకసారి జేబులో పొలుసొకటి కనపడితే చొక్కాని మూడుసార్లు ఉతికించి, ఆనక ఎందుకైనా మంచిదని పారేయించింది. అది నా పెళ్ళిచూపుల కోసం కుట్టించిన చొక్కా.

పథకంవాళ్ళిచ్చిన ఫారంలో పొడవు, బరువు రాయడానికి ఇబ్బంది లేదు. ఆఖరి గడిలో మాత్రం జన ఉందా, అంటే కడుపులో గుడ్లున్నాయా, ఉంటే ఎంత ముదిరాయి అని రాయాలి. దానికి చేప పొట్ట కోసి చూడాలి. నేను కొయ్యను. అందుకని అడిగి రాసేవాణ్ణి. అడిగేది రేవు సంఘం పెద్దని. సన్నగా, పొడుగ్గా, నోట్లో చుట్టతో ఉండేవాడు. నేను రేవులోకి దిగ్గానే, "పప్పుచారు పంతులుగారు వచ్చేరండి, చేపల్ని వరసలో నించోబెట్టండ్రా" అనేవాడు. రేవు రేవంతా నవ్వేది. మనిషిలో మర్యాద లేదని కాదు, మాటమాటకీ అండీ తగిలించి మరీ కోసేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

జన ఉందని కాగితం మీద పడితే శ్రావణంలో వల ఆపేస్తారని ఆయనకెవరో ఊదారు. ఏడాది మొత్తానికి రేవుకి పంట అనదగ్గది ఆ ఒక్క నెలే. ఇక నేను ఏ చేప చూపించి అడిగినా, "జన కాదండి, కొవ్వండి. పులసకి కొవ్వే కదండీ రుచి. తమరు తినరు కాబట్టి తెలీదు" అనేవాడు. వెనకున్నవాళ్ళు "ఆయ్, కొవ్వేనండి" అనేవారు. పొట్టలు పగిలేట్టున్న చేపలు కళ్ళముందుండేవి. మోసపోయానని చెప్పుకోవాలని నాకూ ఉంటుంది. కానీ మోసపోలేదు. కత్తి పట్టే పని తప్పిందని సంతోషంగా "లేదు" అని రాశాను. మూడు శ్రావణాలు అలాగే రాశాను.

అమలాపురంలో ఫ్యాను కింద కూర్చునే మా ఆఫీసరు ఆ కాగితాలు చూసి పొంగిపోయాడు. పుస్తకాలన్నీ వరదల్లో గుడ్లు పెడుతుందంటున్నాయి, మన వశిష్ఠలో చేప తీరే వేరు, ఇది నేను కనిపెట్టాను అన్నాడు. రేవు మొహం చూడని మహానుభావుడు. వరదలో గుడ్లు లేవు గనక వరద తీశాకే పెడుతుందని తీర్మానించి, కార్తీకంలో ఏట్లో వల వెయ్యకూడదని ఉత్తర్వు తెప్పించాడు.

పులసలు పోయాక చిన్నాచితకా చేపలు పట్టుకుని రేవు అన్నం తినేది ఆ కార్తీకంలోనే. రేవు పెద్ద ఒప్పుకోలేదు, వల వేశాడు. జవాన్లు ఆ వల లాక్కొచ్చి మా ఆఫీసు వరండాలో పడేశారు. ఆయనకున్నది అదొక్కటే పెద్దవల. విడిపించుకునేసరికి ఎలకలు సగం కొరికేశాయి. నాకు జాలి వెయ్యలేదు. బాగా అయిందనుకున్నాను.

మరుసటేడు శ్రావణంలో ఒక పొద్దున్న ఆయన మా వీధిలోకే వచ్చేశాడు. మా అరుగు ముందు, మట్టిలో అరిటాకు పరిచి దానిమీద పులసని పెట్టాడు. వీధంతా తలుపుల్లోకొచ్చింది. మా అమ్మ గడపలో నిలబడిపోయింది. "తమరు కొయ్యరు కదండీ, నేను కోస్తాను, చూసి రాసుకోండి" అని పొట్ట చీల్చాడు. రెండు దోసిళ్ళ జన ఆకంతా పరుచుకుంది.

"పోయినేడు లేదన్నది నువ్వే కదా" అని అరిచాను.

"అన్నానండి. నా పిల్లల కూటి కోసం అబద్ధం ఆడేనండి. తమరు దేనికోసం రాసేరండి?"

ఆయన ఆకు మడిచి ఎత్తుకుని, నీళ్ళచెంబు కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. గడప కడుగుతుందనుకున్న మా అమ్మ కడగలేదు. "కొయ్యొద్దన్నాను గానీ, చూడకుండా రాయమని నేనెప్పుడన్నానురా?" అంది. లోపలికి వెళ్ళి ఆ పూట అన్నం తినలేదు.

మూడేళ్ళ ఆఖరి గడీ తప్పేనని ఉత్తరం రాసి ఆఫీసరుకిచ్చాను. నీ ఉద్యోగమూ పోతుంది, నా పేరూ పోతుంది అని సొరుగులో పడేశాడు. పైవాళ్ళకి ఇంకోటి రాయొచ్చు. రాయలేదు. ఏడాదికి ఆ ఉద్యోగం వదిలి బళ్ళో సైన్సు మేష్టరుగా చేరాను. ఉత్తర్వు మాత్రం ఉండిపోయింది. జనతో వచ్చిన చేపలు శ్రావణంలో యథేచ్ఛగా వలల్లో పడ్డాయి, కార్తీకంలో రేవు పస్తులుంది, ఎనభైలు సగమయ్యేసరికి పులసే పలచబడింది. రేవు దాటేటప్పుడు ఎదురైతే సంఘం పెద్ద నోట్లోంచి చుట్ట తీసి, పక్కకి ఉమ్మి, మొహం తిప్పుకునేవాడు. నేనూ తిప్పుకునేవాణ్ణి. పోయాడని తెలిసినా చూడ్డానికి వెళ్ళలేదు. అంతమందిలో నన్ను అడగాల్సిన మాట అడిగిన ఒక్క మనిషిని నేనెలా క్షమిస్తాను?

చెక్క లాక్కుని కడిగి తుడుస్తుంటే, "ఇప్పుడేం కొలుస్తారండీ దాంతో?" అంది మా ఆవిడ. పులసకైనా ఏటికి ఎదురెక్కి ఏటా వెనక్కి వచ్చే దారుంది. ఖాళీగా వదలాల్సిన గడిలో "లేదు" అని రాసిన నా శ్రావణాల్లోకి వెనక్కి వెళ్ళే దారి నాకు దొరకలేదు.