సజ్జ మీది అట్టడబ్బాలు

మా చిన్నప్పుడు... సాయంత్రం అబిడ్స్ వైపు నుంచి ప్రభుదాసు అంకుల్ సైకిల్ మీద వస్తుంటే, మా అమ్మ బియ్యం ఏరడం ఆపి కిటికీ దగ్గరకు పోయి నిలబడేది. ఆయన మొహం చూడటానికి కాదు... వెనక క్యారియర్ మీద ఏం కట్టుకొచ్చాడో చూడటానికి.

ఆ రోజు గ్రైండర్ డబ్బా.

"గింకోటి తెచ్చిండు," అంది అమ్మ, తనలో తనే.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒకే వాకిలి చుట్టూ నాలుగు వాటాలు. ఒకదాంట్లో మేము. ఎదురు వాటాలో ప్రభుదాసు అంకుల్, సుగుణ ఆంటీ, నా క్లాసే చదివే వాళ్ళమ్మాయి సునీత. మెదక్ వైపు క్రైస్తవులు. అంకుల్‌ది అబిడ్స్‌లో ఒక టీవీల షాపులో పని. మా నాన్న సర్కారు ఆఫీసులో గుమాస్తా.

ఇప్పటి పిల్లలకు తెలియదేమో... అప్పట్లో టీవీ కొన్నా, మిక్సీ కొన్నా దాని అట్టడబ్బా పారేసేవాళ్ళం కాదు. థర్మాకోల్‌తో సహా గదిలో పైనున్న సజ్జ మీద పెట్టేవాళ్ళం. రిపేరుకు ఇచ్చేటప్పుడు పనికొస్తుందని పైకి మాట... వచ్చేపోయేవాళ్ళకు కనపడాలని లోపలి మాట. ఎవరింటికి పోయినా కూర్చోకముందే కళ్ళు సజ్జ మీదికి పోయేవి. జీతమెంతని అడిగితే బాగుండదు కదా... ఆ డబ్బాలను చూసే ఎవరెంత ఉన్నవాళ్ళో తేల్చుకునేవాళ్ళం.

మా సజ్జ మీద ఇస్త్రీపెట్టె డబ్బా ఒక్కటే. వాళ్ళ సజ్జ మీద టీవీ, మిక్సీ, టేప్ రికార్డర్, ఇప్పుడు గ్రైండర్... వాళ్ళొచ్చి ఏడాది కూడా కాలేదు.

"ఇనుండ్రి... మనది సర్కారు నౌకరి. ఆయనది షాపు జీతం. మనకు లేని టీవీ వాళ్ళకెట్ల వచ్చింది?"

నాన్న పేపర్ దించకుండానే, "వాళ్ళ సంసారం వాళ్ళది. నీకేం ఫికర్?" అన్నాడు.

"టీవీ ఉన్నది సరే... సప్పుడేది మరి?"

ఆ మాటకు నాన్న పేపర్ దించాడు.

నిజమే... ఆదివారం పొద్దున సందులో టీవీ ఉన్న ఇళ్ళన్నీ ఒకేసారి మోగేవి. వాళ్ళింట్లోంచి ప్రార్థన పాటలే వినిపించేవి, అవీ నోటితో పాడినవి. మిక్సీ డబ్బా పెట్టుకున్న ఆంటీ రోట్లో పచ్చడి నూరేది. వాడని సామాను ఇంట్లో ఎందుకు దాస్తారు? అమ్మ లెక్కలో దానికి ఒకటే జవాబు... అమ్ముకోవడానికి. షాపు నుంచి ఎత్తుకొచ్చిన మాల్ అన్నమాట.

విచిత్రం ఏమిటంటే, మర్యాదలో మాత్రం లోటు లేదు. సుగుణ ఆంటీ మా ఇంటికొస్తే అమ్మ కొంగుతో కుర్చీ దులిపి మరీ వేసేది. మూల వాటా ఆవిడ వస్తే గడప దగ్గర పీట. అనుమానం అనుమానమే... ఉన్నవాళ్ళు ఉన్నవాళ్ళే.

అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. మాట పోయి పోయి మా ఇంటి ఓనరు చెవిన పడింది. బేగం బజార్‌లో పప్పుల దుకాణం ఆయనది. ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అంతకుముందు అంకుల్‌ను గారూ అని పిలిచిన మనిషే.

"షాపు మాల్ ఇంట్ల పెడుతున్నవంట గద ప్రభుదాసూ. రేపు పోలీసులొస్తే నా ఇజ్జత్ పోతది. ఇల్లు ఖాళీ చెయ్యి. మీ షాపుల గూడ ఒక మాట చెప్పిపోతా."

ఇల్లు పోతే ఇంకొకటి దొరుకుతుంది... దొంగ అన్న పేరు పడితే అబిడ్స్‌లో ఇంకే షాపూ గడప ఎక్కనివ్వదు. సునీత నా చెయ్యి వదిలేసి వాళ్ళమ్మ పక్కకు పోయింది.

సుగుణ ఆంటీ స్టూలు ఎక్కి డబ్బాలన్నీ దించి, వాకిట్లో పెట్టి తెరిచింది.

టీవీ డబ్బాలో దుప్పట్లు. గ్రైండర్ డబ్బాలో సునీత గౌన్లు. మిక్సీ డబ్బాలో అంకుల్ చొక్కాలు... టేప్ రికార్డర్ డబ్బాలో చింతపండు.

"మాకు బీరువ లేదు సాబ్. షాపుల చూపెట్టనీకి బయట పెట్టిన సామాన్ల డబ్బాలు ఖాళీగ పడుంటయి. మేనేజర్‌ను అడిగే తెచ్చుకుంటడు," అంది.

ఓనరు గొంతు సవరించుకుని వచ్చిన దారినే పోయాడు. అమ్మ మాత్రం ఊరుకోలేకపోయింది.

"ఖాళీ డబ్బాలని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద సుగుణా."

ఆంటీ చింతపండు మళ్ళీ సర్దుతూ అంది... "ఇంతకుముందు గౌలిగూడల ఉన్నమక్కా. గాడ ఎవలింటికి పోయినా నిలబెట్టే మాట్లాడెటోళ్ళు. గీడికొచ్చినంక డబ్బాలు చూసి మీరు కుర్సీ ఏసిన్రు. జర మంచిగనిపించింది... ఎట్ల చెప్త?"

నాకు ఏడుపొచ్చింది, అమ్మ మీద కోపం కూడా వచ్చింది.

వాళ్ళు ఇల్లు ఖాళీ చేయలేదు, అంకుల్ నౌకరీ పోలేదు. కొన్నాళ్ళకు అమ్మ సిగ్గు విడిచి ఆంటీనే ఒక మిక్సీ డబ్బా అడిగి తెచ్చుకుంది. గుమ్మంలోంచి కనపడేలా మా సజ్జ మీద పెట్టింది. మా మేనత్త వచ్చి దాన్నే చూస్తూ "తమ్ముడు మంచిగనే సంపాయిస్తున్నడు" అంటే, అమ్మ కాదనలేదు.

సుగుణ ఆంటీకి కుర్చీ వేయడం కూడా మానలేదు అమ్మ. కొంగుతో దులపడం ఒక్కటే మానేసింది. అమ్మకు ఆ సంగతి తెలుసో లేదో... ఆంటీ మాత్రం ఆ తర్వాత తన చేత్తో తనే దులుపుకుని కూర్చునేది.

ఇప్పుడు మా ఇంట్లో సజ్జే లేదు. ఏ సామాను కొన్నా డబ్బా ఆ రోజే చెత్తలోకి పోతుంది. దానికి బదులు అందరూ ఫోటోలు పెడుతున్నారు... కొత్త కారు పక్కన, కొత్త సోఫా మీద. మా అమ్మ బిడ్డను కదా, ఎవరిది చూసినా లోపల దుప్పట్లే ఉన్నాయేమో అనిపిస్తుంది.

మీ సజ్జ మీద ఏ డబ్బా ఉండేది? లోపల ఏముండేది? వచ్చి చెప్పండి... ఖాళీ డబ్బా అని చెప్పినా సరే, కుర్చీ దులిపే వేస్తాను.