కిటికీ లేని గదిలో మగ్గం చప్పుడు

దయ్యాలున్నాయంటే నమ్మే మనిషిని కాదు నేను. హిందూపురంలో ఫిజిక్సు తీసుకుని డిగ్రీ చదివాను. పెళ్ళయి ధర్మవరం వచ్చాక, దిష్టి తీసిన మిరపకాయల ఘాటుకు పాప తుమ్ముతుందని అత్తతో గొడవపడినదాన్ని. ఇది చదివి నవ్వుకోండి, పర్వాలేదు. కల్పించి రాశానని మాత్రం అనుకోకండి.

మాది పట్టుచీరల ఇల్లు. ముందు అంగడి, వెనక మగ్గాలు. మా మామ నేసిన మగ్గం మీద, ఆయన పోయాక, ఇంకొకతను నేస్తున్నాడు. ఏడాది దాటిన మా పాపకు ఉయ్యాల కట్టింది దాని పక్కనే. పడుగు పోగుల మధ్య నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడు వింటే తప్ప మధ్యాహ్నం కన్ను మూయదు. నిద్రపోకపోతే తినదు. బలవంతంగా తినిపిస్తే కక్కేస్తుంది.

ఇట్లాంటి పిల్లను ఎత్తుకుని మేము ఓడ ఎక్కాం. పట్టునూలు అమ్మే కంపెనీ ఒకటి ఎక్కువ సరుకు కొన్న అంగళ్ళవాళ్ళకు ముంబై నుంచి ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చింది. మా ఆయన వద్దన్నాడు. నేనే పట్టుబట్టాను. పెళ్ళయ్యాక ఆయన నన్ను సరదాగా తీసుకెళ్ళిన దూరం పెనుకొండ కోట వరకే మరి.

"ఏమ్మే, ఓడలో మగ్గం ఉంటుందా? పిల్ల ఎట్ల పండుకుంటుంది?" అంది అత్త.

"ఫోన్లో రికార్డు చేసుకున్నా అత్తా," అన్నాను గొప్పగా.

రాగిపిండి, ఫ్లాస్కు, రెండు థర్మామీటర్లు సర్దుకున్నాను. ఒకటి తప్పు చూపిస్తే రెండోది ఉండాలి కదా. బాల్కనీ కమ్మీల సందులో పాప దూరుతుందేమోనన్న భయంతో, ఆ సందు ఎంతుంటుందని ఓడవాళ్ళకు మెయిలు కూడా పెట్టాను. తీరా వెళ్ళి చూస్తే మాకిచ్చిన గదికి బాల్కనీ కాదు కదా, కిటికీ కూడా లేదు.

మొదటిరోజు మధ్యాహ్నం ఫోన్లో మగ్గం చప్పుడు పెట్టాను. పాప శ్రద్ధగా వింది. మగ్గం ఎక్కడుందోనని ఫోన్ తిప్పి వెనకవైపు చూసింది. లేదని తెలిశాక ఫోన్ విసిరికొట్టి ఏడుపు మొదలుపెట్టింది. ఓడ వంటవాళ్ళతో చేయించిన రాగి సంగటి ఒక ముద్ద కూడా లోపల నిలవలేదు.

"మాయమ్మ చెప్పె కదా," అన్నాడు మా ఆయన. ఆ ఒక్కమాటే. నడిసముద్రంలో పిల్లకు నీరసం వచ్చి పడిపోతే ఎవరి దగ్గరికి పరుగెత్తాలి? పట్టుబట్టి తెచ్చింది నేను.

రెండోరోజు మధ్యాహ్నం పాప గుక్కపట్టి ఏడుస్తుంటే, మంచం పక్క గోడలో చప్పుడు మొదలైంది. టక్ టక్, కాస్త ఆగి, ఇంకొక టక్. పాప ఏడుపు సగంలో ఆపేసింది. గోడకు చెంప ఆనించి అట్లాగే నిద్రపోయింది.

"అరె, మా నాయన మాదిరే నేస్తాండాడే!" అని నవ్వాడు మా ఆయన. మామకు ఒక మోకాలు సరిగా ఉండేది కాదు. అందుకే కాళ్ళతో తొక్కేటప్పుడు ఆయన మగ్గం మధ్యలో ఒక్క క్షణం కుంటేది. నేనూ నవ్వాను.

గది శుభ్రం చేసే అతన్ని అడిగితే, గోడలోని ఏసీ గొట్టం కొట్టుకుంటోందన్నాడు. ఫిజిక్సు చదివినదాన్ని, వెంటనే ఒప్పుకున్నాను. అత్తకు వినిపిద్దామని రికార్డు చేశాను. అందులో గుయ్యిమనే ఏసీ మోత తప్ప ఏమీ రాలేదు. మైకు మంచిది కాదనుకున్నాను.

మూడోరోజు చప్పుడు రాలేదు.

పాప గోడను అరచేత్తో కొట్టి కొట్టి ఏడ్చింది. నేను మళ్ళీ గది శుభ్రం చేసే అతన్నే పిలిచి, నిన్నటి చప్పుడు కావాలన్నాను.

"అందరూ చప్పుడు ఆపమంటారు మేడమ్," అన్నాడు పాపం. అయినా ఒక మెకానిక్కును పిలుచుకొచ్చాడు. ఆయన గోడ పలక విప్పి చూశాడు. గొట్టం బిగుతుగా ఉంది, గాలి నిన్నటిలాగే పోతోంది. ఏం బాగుచేయాలో ఆయనకు అర్థం కాలేదు.

ఇక రోషం పక్కనపెట్టి, వైఫై కొని, అత్తకు వీడియో కాల్ చేశాను. చప్పుడు మాట ఎత్తకుండా, పాప నిద్రపోవడంలేదని మాత్రం చెప్పాను.

"ఎట్ల పండుకుంటుంది? ఈ పొద్దు అమాస కదే! మగ్గం ముట్టని దినం ఈడైనా పండుకోదు. నేను సంకనేసుకోని వీధంతా తిరిగేది చూడ్లేదా? ఎత్తుకోని తిరుగుపో."

మా ఆయనా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పండగైనా మగ్గం ఆపని మా మామ అమావాస్యనాడు మాత్రం దాన్ని తాకేవాడు కాదు. ఏసీ చల్లగా ఉండింది కాబట్టి నా చేతి మీద రోమాలు లేచాయని అప్పుడు అనుకున్నాను.

మా ఆయన నోరు ఆగలేదు. "అమ్మా, నిన్న ఈడ గోడలో నాయన మగ్గం చప్పుడు ఇనపడె," అనేశాడు.

అత్త ముఖం ఫోన్ మీంచి పక్కకు, మగ్గం వైపు తిరిగింది. భయపడిందేమో అనుకున్నాను.

"తిరుపతికి పోదాం రాప్పా అంటే, మగ్గం ఇడిసిపెట్టి యాడికొచ్చేదే అంటాండె మీ నాయన," అంది. "ఇప్పుడు మనవరాలి ఎనకాల ఓడెక్కినాడా? అదీ మగ్గం ఎత్తుకోని!" ఫోన్ పెట్టేసింది.

పాపను ఎత్తుకుని డెక్కంతా తిరిగాను. భుజం మీదే కాసేపు కునుకు తీసింది.

మరునాడు మధ్యాహ్నం చప్పుడు వచ్చింది. టక్ టక్, కాస్త ఆగి, టక్. పాప నిద్రపోయింది, లేచి గిన్నెడు సంగటి తింది. నేను ఆ గోడకు దండం పెట్టానా లేదా అన్నది ఇక్కడ రాయను.

ధర్మవరం తిరిగొచ్చాక, పాపను మగ్గం పక్కన నిద్రపుచ్చి ఇది రాస్తున్నాను. గొట్టాల గురించి, గాలి ఒత్తిడి గురించి చాలా చదివాను. గొట్టం ఎందుకు కొట్టుకుంటుందో చెప్పగలను. అమావాస్యనాడు ఎందుకు మానుకుందో ఈరోజుకీ చెప్పలేను.

అత్త మొన్న హిందూపురం పోయి చక్రాల సూట్‌కేసు కొనుక్కొచ్చింది. ఈసారి పట్టునూలు కంపెనీ బహుమతి స్కీము వస్తే తనూ వస్తుందట. కిటికీ ఉన్న మంచి గది అడుగుదామని మా ఆయన అన్నాడు.

"కిటికీ ఏమీ వద్దులేప్పా," అంది అత్త, ఎటో చూస్తూ. "ఆ గదే అడుగు."